ఏడేళ్లు చల్లిన జియోలైట్, ఒక్క బకెట్‌తో తేలిన సంగతి

మొగల్తూరు వైపు మాకు మూడెకరాల రొయ్యల చెరువుంది. ఏడేళ్లుగా అందులో జియోలైట్ అనే రాతి గుళికలు చల్లుతూ వచ్చాను, రొయ్యల మలం, మిగిలిన మేత వల్ల నీళ్లలో చేరే అమ్మోనియా అనే విషాన్ని పీల్చేస్తాయని. "చల్లండి, అమ్మోనియా దిగుతుంది" అని పక్క గట్టువాళ్లకి చెప్పింది కూడా నేనే. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

అసలు సంగతి బయటపడింది మా అమ్మాయి గోల్డ్‌ఫిష్ తొట్టి దగ్గర. చెరువు కోసం తెచ్చిన గుళికల్లోంచి రెండు గుప్పిళ్లు గుడ్డలో మూటకట్టి తొట్టిలో వేశాను. అమ్మోనియా ఉంటే ఆకుపచ్చ, లేకపోతే పసుపు చూపించే టెస్ట్ కిట్‌లో మూడో రోజుకి ఆకుపచ్చ పోయి పసుపు వచ్చింది. నెల తిరిగేసరికి మళ్లీ ఆకుపచ్చ. ఉప్పునీళ్లలో నానబెడితే రాయి మళ్లీ పనికొస్తుందని విని, బకెట్‌లో కల్లుప్పు కలిపి రాత్రంతా ఉంచాను. తెల్లారి ఊరికే ఆ బకెట్ నీళ్లు కిట్‌లో పోసి చూద్దును కదా, చిక్కటి ఆకుపచ్చ! నెలంతా పట్టినదాన్ని ఒక్క రాత్రిలో కక్కేసింది.

మన బస్తాల్లో ఉండాల్సింది క్లినాప్టిలోలైట్ అనే రకం జియోలైట్. అగ్నిపర్వతాల బూడిద నీటిలో వేల ఏళ్ల తరబడి నాని మారితే పుట్టే ఖనిజం. లోపలి సన్నటి గదుల్లో ఉన్న సోడియాన్ని వదిలి అమ్మోనియాన్ని పట్టుకుంటుంది. నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఇదే తిరగబడుతుంది. నా చెరువు సెలినిటీ 12 నుంచి 15 పీపీటీ, అంటే లీటరు నీళ్లలో 12 నుంచి 15 గ్రాముల ఉప్పు. ఇన్నేళ్లూ నేను బస్తాలు పోసింది ఆ బకెట్‌లోనే!

లెక్కేస్తే ఇంకా మండింది. ఎకరంలో నాలుగడుగుల నీరంటే 49 లక్షల లీటర్లు. అందులో ఒక్క పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాము) అమ్మోనియా అంటే ఐదు కిలోలు. మంచినీళ్లలోనైనా కిలో రాయి పది గ్రాములు పడితే గొప్ప. 25 కిలోల బస్తా పట్టేది పావుకిలో. మరి అప్పట్లో అమ్మోనియా ఎలా దిగింది? బస్తా చల్లిన రోజే మేత సగానికి కోసి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిప్పేవాణ్ణి. పేరు రాయికొచ్చింది.

ఒకసారి ఓ షాపు సరుకు నీళ్లలో వేస్తే ఒక్క బుడగ లేవలేదు. మట్టిపొడేనని నా అనుమానం. ఎండిన మంచి గుళికల్లోంచి దారాల్లా బుడగలు లేస్తాయి. (1756లో స్వీడన్‌లో క్రోన్‌స్టెడ్ ఇలాంటి రాయిని కాలిస్తే నీళ్లు మరిగినట్టు పొంగిందట. జియోలైట్ అంటే గ్రీకులో మరిగే రాయి.)

కొల్లేరు వైపు మంచినీటి చేపల చెరువుల వాళ్ల అనుభవం వేరుగా ఉండొచ్చు, నాది ఉప్పునీటి గోల. ఈ పంటకి ఒక్క బస్తా కొన్నాను, అదీ తొట్టి కోసం. ఇంకా ముప్పాతిక మిగిలే ఉంది.