పోర్తోలో అత్తయ్యతో, పిల్లలతో

పోర్చుగల్ వెళ్లేవాళ్లు ఎక్కువ రోజులు లిస్బన్‌కే ఇస్తారు. కుటుంబంతో వెళ్తే మాత్రం పోర్తోకే ఎక్కువ రోజులు పెట్టమంటాను. ఊరు చిన్నది, చూడాల్సినవన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఎయిర్‌పోర్టు నుంచి మెట్రో ఎక్కితే నేరుగా ఊళ్లో దిగొచ్చు. కాకపోతే అన్నీ ఎత్తుపల్లాలే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ముందు బస సంగతి తేల్చుకోవాలి.

మేం మొదట రిబేరాలో, దోరో నది ఒడ్డునే అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. లిఫ్టు ఉందని ప్రకటనలో ఉంది. తీరా వెళ్తే ఇరుకైన చెక్క మెట్లు! అత్తయ్య ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఓనర్ ఫోన్ ఎత్తలేదు. మర్నాడే సావ్ బెంటో స్టేషన్ దగ్గర హోటల్‌కి మారాం. రిబేరా సాయంత్రాలు కూర్చోవడానికి బాగుంటుంది, రాత్రి నిద్రకి కాదు. కింద రెస్టారెంట్ల గోల చాలాసేపు ఉంటుంది.

ఆ స్టేషన్ హాలే చూడదగ్గ చోటు. గోడల నిండా దాదాపు 20,000 నీలి టైల్స్, వాటి మీద యుద్ధాలు, పల్లె పండుగలు. టికెట్ ఏమీ అక్కర్లేదు. లెల్లో పుస్తకాల షాపు అందంగానే ఉంది గానీ లోపల కాలు పెట్టే చోటుండదు, చిన్నపిల్లలతో అయితే వద్దు. దోరో మీద 1886లో తెరిచిన రెండంతస్తుల లూయిస్ వంతెన పై అంతస్తు మీద నడవడం మాత్రం వదులుకోకండి. మెట్రో మన పక్కనుంచే వెళ్తుంది, కాబట్టి పిల్లల చెయ్యి వదలొద్దు.

వంతెన దాటితే గాయా, పోర్ట్ వైన్ గిడ్డంగులన్నీ అక్కడే. ద్రాక్షరసం పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష నుంచి తీసిన స్పిరిట్ కలిపి పులియడం ఆపేస్తారు. అందుకే తీపి మిగిలిపోతుంది, ఆల్కహాల్ మాత్రం 20 శాతం దాకా ఉంటుంది. రుచి చూడమని మూడు చిన్న గ్లాసులు పెట్టారు. రూబీ అనే రకం చిక్కటి ఎరుపు, పండ్ల వాసన. చిన్న పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచిన టానీ అనే రకం రంగు తేలిపోయి తేనెలా ఉంది. నాలుక మీద ముందు ఎండు అంజీర, ఆ తర్వాత వేయించిన బాదం. నా ఓటు టానీకే. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకండి. పిల్లలకి ద్రాక్షరసం ఇచ్చారు, అన్నిచోట్లా ఇవ్వకపోవచ్చు, బుకింగ్‌లోనే అడగండి.

ద్రాక్షతోటలు చూడటానికి బస్సు టూర్లు చాలానే ఉన్నాయి. కానీ ఆ తోటల మధ్య, దోరో ఒడ్డున ఉన్న పిన్యావ్ ఊరికి రైలే మేలు. రెండున్నర గంటల ప్రయాణం. పోర్తో నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి. మొదటి గంట మామూలుగా గడుస్తుంది, తర్వాత నది వచ్చి పట్టాల పక్కన చేరుతుంది. అవతలి ఒడ్డున కొండ మొత్తం మెట్లు మెట్లుగా తోటలే. అత్తయ్య కిటికీ వదల్లేదు. వేసవిలో అక్కడ ఎండ మండిపోతుంది, టోపీలు, నీళ్లు మరవొద్దు.

తిండి విషయంలో కొంత జాగ్రత్త అవసరం. ఊరంతా గొప్పగా చెప్పుకునే ఫ్రాన్సెసిన్యా శాండ్‌విచ్‌లో సాధారణంగా గొడ్డుమాంసం, పంది మాంసం రెండూ ఉంటాయి. ఆకుకూర సూప్‌లో కూడా సాసేజ్ ముక్క వేస్తారు, వద్దని ముందే చెప్పాలి. అడక్కుండానే బల్ల మీద పెట్టే బ్రెడ్డు, ఆలివ్‌లు ముట్టుకుంటే బిల్లులో పడతాయి, వద్దంటే తీసేస్తారు. మాంసం ముట్టని అత్తయ్య చీజ్, బ్రెడ్డు, పళ్లతో సరిపెట్టుకున్నారు. చేపలు తినేవాళ్లకి మాత్రం పండగే. మెట్రోలో పక్కనే సముద్రం ఒడ్డున ఉన్న మాటోసిన్యోస్ వెళ్తే వీధిలోనే బొగ్గుల మీద చేపలు కాలుస్తుంటారు. వేసవిలో సార్డీన్లు అడగండి, ముళ్లు తీసి పిల్లలకి పెట్టే ఓపిక ఉండాలంతే.