ఇల్లు కొనేటప్పుడు ఏది మేలు: కూలింగ్ ఆఫ్ పీరియడా, అగ్రిమెంట్‌లో షరతులా?

మొన్న ఒక ఫ్రెండ్ ఫోన్ చేసి, "అమ్మేవాళ్లు షరతులేవీ వద్దంటున్నారు రా, ఎలాగూ కూలింగ్ ఆఫ్ పీరియడ్ ఉందిగా, సంతకం పెట్టేయనా?" అని అడిగాడు. కూలింగ్ ఆఫ్ పీరియడ్ అంటే సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకుని వెనక్కి తగ్గడానికి దొరికే కొద్ది రోజుల గడువు, షరతులంటే "లోన్ రాకపోతే ఒప్పందం రద్దు" లాంటివి. ఆ సాయంత్రమే సంతకాలట. ఆగమన్నాను. ఇదే మాట నమ్మి నేనూ ఒకసారి సంతకం పెట్టి ఉన్నాను మరి.

అప్పుడు నాకు దొరికిన గడువు 5 పనిదినాలు. "వారం టైముందండీ, ఈలోపు అన్నీ అయిపోతాయి" అన్నాడు ఏజెంటు. బ్యాంకువాళ్లు ముందే ఇచ్చిన ఉత్తరం ఒకటి చేతిలో ఉంది, దాన్ని చూసుకుని లోన్ వచ్చేసినట్టే అనుకున్నాను. తీరా చూస్తే ఆ ఉత్తరం నా జీతాన్ని చూసి ఇచ్చిందే గానీ ఇంటిని చూసి ఇచ్చింది కాదు. ఇంటికి విలువ కట్టే మనిషి నాలుగో రోజు వచ్చాడు, రిపోర్టుకు ఇంకో మూడు రోజులు పడుతుందన్నాడు. ఐదో రోజు సాయంత్రంతో నా గడువు సరి. బతిమాలి, లాయర్ చేత రాయించి మూడు రోజులు పొడిగించుకున్నాను గానీ ఆ మూడు రాత్రులూ కంటి మీద కునుకు లేదు. చివరికి వచ్చిన రిపోర్టులో ధర తక్కువ.

తక్కువ అంటే ఏమవుతుందో లెక్క చూడండి. ఒప్పుకున్న ధర 100 అనుకుందాం, బ్యాంకు 80 శాతం ఇస్తుంది, కాబట్టి మన జేబులోంచి 20. బ్యాంకు దృష్టిలో ఇల్లు 92 మాత్రమే అనుకోండి, అందులో 80 శాతం అంటే 73.6, మిగతా 26.4 మనమే తేవాలి. అమ్మేవాళ్లేమీ ధర తగ్గించరు. నాకు ఆ తేడా మా బావగారు సర్దారు, ఆయన లేకపోతే అడ్వాన్స్ మీద ఆశ వదులుకోవడమే.

ఇక అసలు పోలిక. కూలింగ్ ఆఫ్ అనేది చట్టం ఇచ్చేది, కారణం చెప్పక్కర్లేదు, మనసు మారిందంటే చాలు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఎక్కడ కొంటున్నారన్న దాన్నిబట్టి అది పూర్తిగా మారిపోతుంది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లో మామూలు ఇంటికి 5 పనిదినాలు, వెనక్కి తగ్గితే ధరలో 0.25 శాతం పోతుంది. పక్కనే విక్టోరియాలో 3 పనిదినాలే. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో, టాస్మానియాలో చట్టం ఇచ్చేది అసలు లేనే లేదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా 2023 జనవరిలో 3 పనిదినాల గడువు తెచ్చింది, అక్కడా 0.25 శాతమే. ఫ్రాన్స్ మాత్రం కొనేవాళ్ల పుట్టినిల్లు లాంటిది: 10 రోజులు, పైసా జరిమానా లేదు. భారతదేశంలో బిల్డర్లను, ఇళ్ల అమ్మకాలను అదుపులో పెట్టే 2016 నాటి రెరా చట్టం, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని కట్టడి చేసింది గానీ, సంతకం అయ్యాక మనసు మార్చుకోవడానికి ఇన్ని రోజులు అని ఏమీ ఇవ్వలేదు.

నూటికి పావలా ఎంతలే అనిపిస్తుంది, ఇంటి ధర మీద కట్టి చూస్తే చిన్న మొత్తమేం కాదు. ఇంకో సంగతి, ఆస్ట్రేలియాలో వేలంపాటలో కొన్నవాళ్లకు ఈ గడువు వర్తించదు. న్యూ సౌత్ వేల్స్‌లో మీ లాయరే 66డబ్ల్యూ అనే సర్టిఫికెట్ మీద సంతకం పెడితే ఉన్న గడువు కూడా ఎగిరిపోతుంది, అమ్మేవాళ్లు దాన్ని అడగడం మామూలే. కాబట్టి "ఎలాగూ ఉందిగా" అనేముందు నిజంగా ఉందో లేదో ఒకసారి కాగితాల్లో చూసుకోండి.

షరతు అలా కాదు. దాన్ని మనం అడిగి, బేరమాడి రాయించుకోవాలి. కష్టమంతా అక్కడే, లాభమూ అక్కడే. లోన్ రాకపోతే ఒప్పందం రద్దు, అడ్వాన్స్ మొత్తం వాపసు అని సరిగ్గా రాసుకుంటే 0.25 శాతం గొడవ ఉండదు, రోజులు కూడా మన పనికి సరిపడా పెట్టుకోవచ్చు. ఫ్రాన్స్‌లోనైతే అప్పు చేసి కొనేవాళ్లకు లోన్ షరతు చట్టమే ఇస్తుంది, దానికి గడువు కనీసం ఒక నెల. బ్యాంకు పని ఎన్నాళ్లు పడుతుందో అక్కడి చట్టానికి తెలిసినట్టుంది, మా ఏజెంటుకే తెలియలేదు.

అయితే "లోన్ వస్తే కొంటాను" అని ఒక్క ముక్క రాసుకుని ధీమాగా కూర్చోవద్దు. ఎంత లోన్? ఏ తేదీలోపు? వడ్డీ ఎంత ఉన్నా తీసుకోవాల్సిందేనా? రాలేదని ఎవరికి, ఎలా తెలియజేయాలి, మెయిల్ చాలా, లాయర్ నోటీసు కావాలా? తేదీ దాటాక మీరు ఏమీ చెప్పకపోతే షరతు వదులుకున్నట్టా, ఒప్పందం రద్దయినట్టా? ఈ చివరి ప్రశ్న దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మనసు మారింది కాబట్టి బ్యాంకుకు అప్లై చేయకుండానే "లోన్ రాలేదు" అనడం కూడా కుదరదు, నిజంగా ప్రయత్నించినట్టు కాగితం చూపించాల్సి వస్తుంది.

ఇంటి తనిఖీ షరతూ అంతే. "తనిఖీ నచ్చితే" అని రాస్తే అమ్మేవాళ్లు ఒప్పుకోరు, "పెద్ద లోపాలుంటే" అని రాస్తే ఏది పెద్దదని తగువు. నేను చూసిన ఒక ఇంట్లో బీరువా కొంచెం జరిపితే వెనక గోడంతా చెమ్మ, పెయింట్ పొరలు పొరలుగా ఊడి వస్తోంది. చెమ్మ పెద్ద లోపమా? కొనేవాడికి అవును, అమ్మేవాడికి "వానాకాలం కదండీ". బాగు చేయించడానికి ఇంత మొత్తం దాటితే తప్పుకోవచ్చు అని అంకె వేయించుకోవడం నయం.

మూడో దారి కూడా ఉంది. సంతకానికి ముందే తనిఖీ, వాల్యుయేషన్, కాగితాల పరిశీలన అన్నీ మన ఖర్చుతో చేయించుకుని, షరతుల్లేని ఆఫర్ ఇవ్వడం. డబ్బు చేతిలో ఉన్నవాళ్లకు ఇది మంచిదే, ధర కూడా కాస్త తగ్గించి అడగొచ్చు. ఇల్లు వేరేవాళ్లకు పోతే ఆ ఖర్చు మాత్రం గంగలో పోసినట్టే, అలా మూడు ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

నన్నడిగితే లోన్ మీద ఆధారపడే ఎవరికైనా షరతే మేలు, కూలింగ్ ఆఫ్ ఉంటే అది స్టెప్నీ లాంటిది, దాన్ని నమ్ముకుని బండి తీయకూడదు. పోటీ బాగా ఉన్నచోట షరతు పెడితే ఇల్లు చేజారొచ్చు, కాదనను. కానీ అమ్మేవాళ్ల భయం షరతు కాదు, అది ఎన్నాళ్లు సాగుతుందోనన్నదే. షరతు తీసేయమంటే తీయకుండా రోజులు తగ్గిస్తానని చెప్పండి. వాళ్లు ఖాళీ చేసే తేదీ వాళ్ల వీలుకే వదిలేయండి. "ఈలోపు ఇంకో మంచి ఆఫర్ వస్తే నాకు 3 రోజుల నోటీసు ఇవ్వండి, అప్పటికి నేను తేల్చకపోతే మీ ఇష్టం" అనండి. అడ్వాన్స్ మాత్రం అమ్మేవాళ్ల చేతికి వెళ్లకుండా లాయర్ దగ్గరో, మూడోవాళ్లు డబ్బు దాచి ఉంచే ట్రస్ట్ అకౌంట్‌లోనో ఉండేలా చూసుకోండి. వాపసు హక్కు కాగితం మీద ఎంత గట్టిగా ఉన్నా ఖర్చైపోయిన డబ్బును రాబట్టడం వేరే యుద్ధం.

మా వాడు ఆ సాయంత్రం సంతకం పెట్టలేదు. 14 రోజుల లోన్ షరతు అడిగితే 10కి ఒప్పుకున్నారట, రెండు రోజులు ఆలస్యంగా కాగితాలయ్యాయి. వాల్యుయర్ ఎల్లుండి వస్తున్నాడు, ఈసారి బీరువాలు జరిపి చూడమని ఇద్దరికీ చెప్పాను.