నాగావళి పక్కన కాలనీ: గాలం వేసేవాడి మాట

ప్లాటు ఎన్ని గజాలు, రోడ్డు ఎంత వెడల్పు, అరసవల్లి ఎంత దూరం వంటివి అమ్మేవాళ్లు అడగకుండానే చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను. శ్రీకాకుళం పొలిమేరలోని ఈ కొత్త కాలనీకి నేను వచ్చింది చేపల కోసం. ఉద్యోగం చేసినంతకాలం విశాఖలో అపార్టుమెంటులో ఉంటూ గాలపు కర్రను అటకెక్కించినవాణ్ని. ఇక్కడ ఇంటి నుంచి నడిచి వెళ్లి నాగావళి గట్టు ఎక్కవచ్చు. ఆ ఒక్క సుఖం ముందు మిగతా లోట్లేవీ చాలాకాలం నా కంటికి ఆనలేదు.

ఏడాది పొడవునా చేపలేనని అప్పట్లో అందరికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు జూలై నుంచి సంక్రాంతి వరకు అని చదువుకోండి. ఎండాకాలంలో నది ఇసుక మేటల మధ్య సన్నని పాయగా మిగులుతుంది. మడుగుల్లో తిలాపియా తప్ప పెద్దగా ఏమీ తగలదు, దాన్ని మా ఇంట్లో తినరు.

అసలు వేట వరద తీసేటప్పుడు. ఈ నది ఒడిశా కొండల్లో పుట్టి వస్తుంది కాబట్టి ఇక్కడ చినుకు పడకపోయినా ఎర్రనీరు దిగుతుంది. తోటపల్లిలో గేట్లు ఎత్తారనో, మడ్డువలస నుంచి నీరు వదిలారనో వార్త వస్తే నేను వానపాముల వెతుకులాటలో పడతాను. ఉధృతి మీద ఉన్నప్పుడు గాలం దండగ. నీరు తగ్గి, రంగు తేరుకుంటున్నప్పుడు గెడ్డ (చిన్న వాగు) వచ్చి నదిలో కలిసే చోట కూర్చోవాలి. ఆ చోటు చూపించింది పక్క ఊరి పెద్దాయన. "నడి ఏటిలోకి విసరకండి బాబూ, సుడి అంచున వదలండి" అన్నాడు. జెల్ల చేప ఎర ముట్టిందంటే బెండు ముందు కాస్త అదురుతుంది, తర్వాత పక్కకు జారుతూ మునుగుతుంది. పైకి లాగాక తొందరపడి పట్టుకోకూడదు. వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి ముళ్లు నిక్కబొడుచుకుని ఉంటాయి. గుచ్చుకుంటే చెయ్యి చాలాసేపు సలుపుతుంది. పులుసు తిన్నాక ఆ సంగతి గుర్తుండదనుకోండి.

ఇక మా వీధిలోకి నీరు వచ్చిన రాత్రి సంగతి. కాలనీ వేసినవాళ్లు వాన నీటి కాలువలన్నీ అదే గెడ్డలోకి కలిపారు. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. ఆ రోజు ఇక్కడ కుండపోత, నదిలో వరద. గెడ్డ నీరు నదిలో కలవడానికి చోటు లేక ఎదురుతన్ని, మా కాలువల గుండానే వీధిలోకి వచ్చింది. కరెంటు పోయింది. సంపులోకి మురుగు చేరింది, మోటారు పాడైంది. టార్చి వేసి చూస్తే మెట్ల కింద, చెప్పుల మధ్య కొర్రమీను పిల్ల ఒకటి మెలికలు తిరుగుతోంది. బకెట్ కోసం లేవబోయాను. మా ఆవిడ చూసిన చూపుకు మళ్లీ కూర్చున్నాను. తెల్లవారాక సంపు తోడించి, బ్లీచింగ్ చల్లించి, చాలా రోజులు తాగునీటి డబ్బాలు కొన్నాం. అమ్మినవాళ్లను అడిగితే గెడ్డ తమ పరిధిలోది కాదన్నారు. చివరికి మేమే చందాలు వేసుకుని కాలువ కొసన ఇనుప తలుపు పెట్టించుకున్నాం. అది దించితే ఏటి నీరు ఆగుతుంది, కానీ వీధిలో పడిన వాన కూడా లోపలే నిలుస్తుంది. దాన్ని ఇంజను పెట్టి తోడాలి.

మాకు గడిచిపోతోంది. పిల్లలు స్థిరపడ్డారు, పొద్దున్నే బడి బస్సు హడావుడి లేదు, పింఛను వస్తుంది. రోజూ ఆఫీసుకు పరుగెత్తేవారికి, మంచం మీద పెద్దవాళ్లు ఉన్న ఇంటికి ఇదే మాట చెప్పలేను. కొనాలనుకుంటే ఎండాకాలంలో రాకండి, పెద్ద వాన కురిసిన మర్నాడు వచ్చి వీధులు చూడండి. గెడ్డకు దూరంగా పై వరుసలో దొరికితే ధర ఎక్కువైనా అదే నయం. మాది కింది వరుస. అమ్మేద్దామని మా ఆవిడ, గేటు దగ్గర అడ్డుగోడ కట్టిద్దామని నేను. మేస్త్రీ అయితే వచ్చి కొలతలు తీసుకుని వెళ్లాడు.