హాలా, ఇల్లా? ఏడాది సినిమాల లెక్క

సినిమా చూసిన రోజే ఒక నోటుపుస్తకంలో నాలుగు సంగతులు రాసుకోవడం పోయిన జనవరిలో మొదలుపెట్టాను. తేదీ, ఎక్కడ చూశాను, ఎవరితో చూశాను, ఏం మిగిలింది. ఆఖరిది ఒక్క వాక్యమే. డిసెంబరు చివరి వారంలో కూర్చుని లెక్కేస్తే మొత్తం 61 సినిమాలు తేలాయి. హాల్లో 17, ఇంట్లో టీవీలో 38, ఫోనులో 6.

తర్వాత పుస్తకం చెల్లి చేతికిచ్చి, పేర్లు మాత్రం చదవమన్నాను. పేరు వినగానే ఒక్క దృశ్యమైనా కళ్ళముందుకొస్తే అది మిగిలినట్టు. హాల్లో చూసిన 17లో 14 నిలబడ్డాయి. టీవీలో చూసిన 38లో 19. ఫోనులో చూసిన ఆరింటిలో ఒక్కటి.

ఇక్కడితో ఆపేస్తే గెలుపు హాలుదే. కానీ అది సరైన తూకం కాదు. హాలుకు వెళ్ళేటప్పుడు ఏరికోరి వెళ్తాం, ఒళ్ళు అలసిన రాత్రి అసలు వెళ్ళం. ఇంట్లో చూసినవాటిలో సగం నిద్ర పట్టక పెట్టుకున్నవి. అందుకే ఎన్ని నిలిచాయన్నది పక్కనపెట్టి, ఎలాంటివి ఎక్కడ నిలిచాయో వెతికాను. ఇన్నేళ్ళూ నమ్మిన మాట ఒకటి అక్కడే తలకిందులైంది. పోరాటాలు, పేలుళ్ళు ఉన్న పెద్ద సినిమా హాల్లో చూడాలి, నలుగురు మనుషులూ ఒక ఇల్లూ ఉన్న చిన్న సినిమాకు టీవీ చాలు అంటాం కదా. నా పుస్తకం దానికి అడ్డం తిరిగింది.

ఒకే సినిమాను ఈ ఏడాది రెండు చోట్లా చూశాను. మార్చిలో టీవీలో పెట్టాను. దాదాపు మాటల్లేని సినిమా. మొదట్లోనే ఒక ముసలాయన చేతిసంచి పట్టుకుని మెట్లు దిగుతాడు. కెమెరా కదలదు, సంగీతం లేదు. ఆయన దిగడం పూర్తికాకముందే నా చెయ్యి ఫోను మీదికి పోయింది. ఇరవై అయిదో నిమిషంలో ఆపేసి, ‘సాగదీశారు’ అని రాసుకున్నాను.

సెప్టెంబరులో అదే సినిమాను ఒక హాల్లో మళ్ళీ వేశారు. స్నేహితురాలు పట్టుబట్టి తీసుకెళ్ళింది. మళ్ళీ అవే మెట్లు. ఈసారి నాకు చూడటం తప్ప వేరే పని లేదు. మూడో మెట్టు దగ్గర ఆయన సంచిని కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చుకున్నాడు. ఖాళీ అయిన చేత్తో గోడ పట్టుకున్నాడు. ఆ వేళ్ళు వణుకుతున్నాయి. కిందికి చేరాక ఆగి, వెనక్కి తిరిగి పైకి చూశాడు. మళ్ళీ ఇవన్నీ ఎక్కాలి మరి. హాలంతా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, వెనక వరసలో ఎవరో ఊపిరి వదలడం నాకు వినిపించింది. ఆ వేళ్ళు మార్చిలోనూ తెరమీద వణికాయి. చూడాల్సిన నేనే అక్కడ లేను. ఇంటికొచ్చి పాత వాక్యం కొట్టేశాను. ఆ సినిమా తీసినవాళ్ళకు అన్యాయం చేశాననిపించి ఆ రాత్రంతా మనసు బాగాలేదు.

హాలు గొప్పంటే తెర సైజు గురించే మాట్లాడతాం. వెలుగు లెక్కలో చూస్తే హాలు తెరే వెనకబడుతుంది. డిజిటల్ ప్రొజెక్షన్ ప్రమాణం ప్రకారం తెర మధ్యలో 48 నిట్ల వెలుగుంటే చాలు (నిట్ అంటే తెర వెలుగును కొలిచే కొలత). మామూలు టీవీ కూడా దానికి ఎన్నో రెట్లు ఇస్తుంది. అంత తక్కువ వెలుగు అక్కడ సరిపోవడానికి కారణం చుట్టూ ఉన్న చీకటి. కళ్ళు పక్కకు పోవడానికి ఇంకేమీ లేదు, చేతికింద పాజ్ లేదు. నెమ్మదిగా నడిచే సినిమాకు కావలసిందే అది.

మేలో టీవీలో ఒక ఛేజింగ్ సినిమా చూశాను. మూడుసార్లు ఆపి, రెండు రోజుల్లో పూర్తిచేశాను. ఏమీ పోగొట్టుకోలేదు. మనం ఎటు పోయినా అయిదు నిమిషాల్లో చెయ్యిపట్టి లాక్కొచ్చేలాగే దాన్ని అల్లారు. హాల్లో చూస్తే ఇంకా బాగుండేదేమో, బాగుండటం వేరు, అసలు అందకపోవడం వేరు.

బొమ్మ నాణ్యతలో మాత్రం హాలుకు నిజంగానే పైచేయి ఉంది. అక్కడికొచ్చే డిజిటల్ కాపీ సెకనుకు 250 మెగాబిట్ల డేటా దాకా మోయగలదు. ఓటీటీలో 4కె బొమ్మ సుమారు 15 నుంచి 25తో సరిపెట్టుకుంటుంది. కుదించే పద్ధతులు వేరు కాబట్టి తేడా అంకెల్లో కనిపించినంత ఘోరంగా ఉండదు. పొగమంచో, చీకటి గదో వచ్చినప్పుడు మాత్రం బయటపడుతుంది, నలుపు మెట్లు మెట్లుగా విడిపోతుంది.

ఇంటి గురించి చెప్పేముందు రెండు దిద్దుబాట్లు చెప్పాలి, ఇవి చెయ్యకుండా ఇంటిని తక్కువచెయ్యడం న్యాయం కాదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. చాలా టీవీలు మధ్యలో లేని ఫ్రేములు సొంతంగా పుట్టించి నింపేస్తాయి, అందుకే సినిమా కాస్తా సీరియల్‌లా జారిపోతున్నట్టు కనిపిస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్ళి దాన్ని ఆపెయ్యండి. 2019లో ప్రకటించిన ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ మీ టీవీలో ఉంటే ఆ ఒక్కటి పెట్టుకుంటే చాలు. రెండోది మాట. 5.1 మిక్సింగులో, అంటే శబ్దాన్ని అయిదు స్పీకర్లకూ ఒక బాస్ స్పీకరుకూ పంచే పద్ధతిలో, సంభాషణ ఎక్కువగా మధ్య స్పీకరు నుంచి వస్తుంది. టీవీకి ఉన్న రెండు చిన్న స్పీకర్లలోకి అన్నీ కలిపి పోసేసరికి మాట సంగీతం కింద మునిగిపోతుంది. మధ్య స్పీకరున్న సౌండ్‌బార్ కొంటే మంచిదే, కొనకపోయినా సబ్‌టైటిళ్ళు పెట్టుకోండి.

సబ్‌టైటిళ్ళ దగ్గరే నాకు ఇంటిమీద ప్రేమ పెరిగింది. అమ్మకు వినికిడి తగ్గి మూడేళ్ళయింది. హాల్లో పక్కన కూర్చుని ‘ఏమన్నాడు, ఏమన్నాడు’ అని అడిగి, ఇతరులకు ఇబ్బందని తర్వాత అడగడం మానేసింది. ఆ తర్వాత రావడమే మానేసింది. ఆగస్టులో ఒక కోర్టు సినిమా ఇంట్లో పెట్టి, మాటలు తెరకింద పడేలా చేశాను. సాక్షి అబద్ధమాడిన చోట ‘ఆపు, వెనక్కి పెట్టు’ అంది. రెండుసార్లు చూసింది. ‘ఇందాక గడియారం లేదన్నాడు, ఇప్పుడు టైము చెప్తున్నాడు’ అని నాకంటే ముందు పట్టేసింది. మాటమీద నడిచే సినిమాకు, ముడి విప్పే కథకు ఆ వెనక్కి పెట్టుకునే వీలు లోపం కాదు, అదే బలం. టీవీలో నిలిచిన 19లో 11 అలాంటివే. మిగిలిన ఎనిమిదిలో ఎక్కువ భాగం వేరే భాషల సినిమాలు, హాలుదాకా వచ్చే అవకాశం లేనివి.

ఫోను గురించి ఎక్కువ చెప్పను. చిత్రమేమిటంటే, అది కొత్త అలవాటు కాదు. లూమియేర్ సోదరులు 1895 డిసెంబరు 28న పారిస్‌లో నలుగురినీ కూర్చోబెట్టి తెరమీద చూపించడానికి ముందే, 1894లో ఎడిసన్ కైనెటోస్కోపుల ముందు జనం ఒక్కొక్కరుగా వంగి, పెట్టెకు కళ్ళు ఆనించి బొమ్మలు చూశారు. ఆ పెట్టె దగ్గరైనా తల ఎత్తితే బొమ్మ పోయేది కాబట్టి చూపు నిలిచేది. ఫోనులో బొమ్మమీదే సందేశాలు వచ్చి పడతాయి. అందులో నాకు మిగిలిన ఆ ఒక్కటీ ప్రయాణంలో సిగ్నల్ లేనిచోట, ముందే డౌన్‌లోడ్ చేసుకుని చూసింది.

కాబట్టి నన్ను ఏది మేలని అడిగితే, ముందు ఆ సినిమా దేనిమీద నడుస్తుందో అడుగుతాను. నిశ్శబ్దం మీద, చూపుల మీద, ఆగి ఉన్న కెమెరా మీద నడిస్తే హాలు, అది ఎంత చిన్న సినిమా అయినా సరే. మాట మీద, మలుపు మీద నడిస్తే ఇల్లు. డబ్బూ సమయమూ నెలకు ఒక్క టికెట్టుకే ఉంటే, ఆ టికెట్టు పేలుళ్ళకు పెట్టకండి.

మూడు గంటల సినిమా ఒకటి మార్చి నుంచి నా వాచ్‌లిస్టులో ఉంది. ఒక రిటైరైన టీచరమ్మ, ఒక వానాకాలం, మాటలు చాలా తక్కువట. ఒక్క నొక్కుతో టీవీలో వచ్చేస్తుంది. స్నేహితురాలు ఫిబ్రవరిలో హాల్లో వెయ్యొచ్చంటోంది. అప్పటిదాకా ఆగుతాను. కోర్టు సినిమాలు ఇంకో రెండు దొరికాయి, ఈ శనివారం అమ్మతో మొదటిది.