ఎల్‌సీ_ఆల్ ఒక్కటి పెట్టేయడమా, విడివిడిగా సర్దుకోవడమా: ఏది మేలు?

మెనూలు తెలుగులో, తేదీలు అమెరికా పద్ధతిలో, టెర్మినల్లో మెసేజ్‌లు ఇంగ్లిష్‌లో. లినక్స్‌లో ఈ కలగాపులగాన్ని ఎలా సరిచేసుకోవాలని తరచూ అడుగుతున్నారు. చాలామందికి ఎవరో ఒకరు ముందే సలహా ఇచ్చి ఉంటారు: భాష, తేదీలు, అంకెల పద్ధతులన్నిటినీ (వీటిని కలిపి లొకేల్ అంటారు) ఒకే దెబ్బతో మార్చే ఎల్‌సీ_ఆల్ (LC_ALL) అనే వేరియబుల్ పెట్టెయ్, అన్నీ దారికొస్తాయని.

వస్తాయి, నిజమే. ఎల్‌సీ_ఆల్ ఉన్నచోట తేదీల కోసం పెట్టే ఎల్‌సీ_టైమ్ (LC_TIME), అంకెల కోసం పెట్టే ఎల్‌సీ_న్యూమరిక్ (LC_NUMERIC) లాంటివేవీ చెల్లవు. అవి కూడా లేనప్పుడే అన్నిటికీ డిఫాల్ట్ అయిన లాంగ్ (LANG) మాట నెగ్గుతుంది. కానీ ఎల్‌సీ_ఆల్‌ని బ్యాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే ఫైల్) శాశ్వతంగా రాసేస్తే, ఆ తర్వాత సెట్టింగ్స్‌లో తేదీల పద్ధతి మార్చినా టెర్మినల్లో ఏమీ మారదు. ఎందుకు మారలేదో సెట్టింగ్స్‌లో కనబడదు కూడా. పైగా డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో ఎస్‌ఎస్‌హెచ్ (వేరే మెషీన్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాం) ఈ విలువల్ని అవతలి మెషీన్‌కీ పంపుతుంది. అక్కడ తెలుగు లొకేల్ తయారుచేసి లేకపోతే పెర్ల్ భాషలో రాసిన ప్రోగ్రాములు నడిచినప్పుడల్లా హెచ్చరికలే.

ఎల్‌సీ_ఆల్‌కి కూడా లొంగనిది ఒకటుంది, లాంగ్వేజ్ (LANGUAGE). అనువాదాలు చూపించడానికి జీఎన్‌యూ గెట్‌టెక్స్ట్ వాడే ప్రోగ్రాములు మెసేజ్‌ల భాష కోసం ముందు దాన్నే చూస్తాయి, లొకేల్ ‘సీ’ (అనువాదాలేవీ లేని మూల లొకేల్) అయితే తప్ప. లాంగ్ మార్చినా భాష మారలేదంటే నేను మొదట అనుమానించేది దీన్నే.

అందుకే నా ఓటు విడివిడిగా పెట్టుకోవడానికే: లాంగ్‌కి ఈఎన్_ఐఎన్ (en_IN, భారత ఇంగ్లిష్), లాంగ్వేజ్‌కి టీఈ:ఈఎన్ (te:en, ముందు తెలుగు, లేకపోతే ఇంగ్లిష్), ఎల్‌సీ_ఆల్ ఖాళీ. అనువాదం ఉన్న ప్రోగ్రాములు తెలుగులో కనిపిస్తాయి, లేనివి ఇంగ్లిష్‌లో. పది లక్షలు 10,00,000గా వస్తుంది, కాగితం ఏ4, డబ్బుకి రూపాయి గుర్తు. ఎర్రర్‌ని నెట్‌లో వెతకాల్సి వస్తే ఆ ఒక్క కమాండ్ ముందు ఎల్‌సీ_ఆల్=సీ (LC_ALL=C) అని రాస్తే చాలు, ఇంగ్లిష్‌లో వస్తుంది. ఎల్‌సీ_ఆల్ అలా ఒక్కసారికి వాడుకోవాల్సిందే.

మొత్తం టీఈ_ఐఎన్ (te_IN, భారత్‌లోని తెలుగు) పెట్టుకుంటే తప్పా? తప్పు కాదు, తెలుగులో నెలల పేర్లు చూడటం నాకూ ఇష్టమే. అయితే నెల పేరు ఇంగ్లిష్‌లోనే ఉంటుందనుకుని రాసిన పాత స్క్రిప్టులు చాలా ఉన్నాయి, అవి బోల్తాపడతాయి. స్క్రిప్టుల జోలికి వెళ్లనివాళ్లు నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

యూనికోడ్ అక్షరాలు కూడా తెలిసిన ‘సీ’ లొకేల్, అంటే సీ.యూటీఎఫ్-8 (C.UTF-8), సర్వర్లకి, కంటైనర్లకి బాగుంటుంది. 2022లో వచ్చిన జీలిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రాములు వాడే మూల లైబ్రరీ) 2.35 నుంచి అది అందులోనే ఉంది. తెలుగు పేర్ల జాబితాని వరస పెట్టాలంటే మాత్రం వద్దు. యూనికోడ్ సంఖ్యల క్రమంలో పేరుస్తుంది కాబట్టి, హ తర్వాత రావాల్సిన ళ వెళ్లి ల పక్కన కూర్చుంటుంది, ఱ ఏమో ర పక్కన. ఈఎన్_యూఎస్ (en_US, అమెరికా ఇంగ్లిష్)లో నెల ముందు, రోజు తర్వాత, కాగితం లెటర్ సైజు. ఇక్కడ మనకి అవసరం లేదు.

ఏది మార్చేముందైనా టెర్మినల్లో ‘లొకేల్’ (locale) అని కొట్టి చూడండి. ఎల్‌సీ వరసల్లో కోట్స్ మధ్య ఉన్న విలువలు లాంగ్ నుంచో ఎల్‌సీ_ఆల్ నుంచో వచ్చినవి. కోట్స్ లేకుండా ఉన్నది ఎక్కడో విడిగా పెట్టినది. డెబియన్, ఉబుంటుల్లో ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లోని లొకేల్ ఫైల్ (/etc/default/locale), ఫెడోరాలో ఈటీసీలోనే లొకేల్.కాన్ఫ్ (/etc/locale.conf), ఆ తర్వాత మీ బ్యాష్‌ఆర్‌సీ, ప్రొఫైల్ ఫైళ్లు వెతకండి. మార్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. నడుస్తున్న సెషన్ పాత విలువలతోనే ఉంటుంది.