ఆర్ట్‌లెన్స్ గ్యాలరీ: ఆట బాగుంది, తెరలు తీసేయడం ఇంకా బాగుంది

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో ఉంది ఈ గ్యాలరీ. శాశ్వత సేకరణ చూడటానికి టికెట్ అక్కర్లేదు. పాత గ్యాలరీని మార్చే ఆలోచనలో ఉన్నవాళ్లు దీన్ని తప్పక చూడాలి, ఎందుకంటే నాలుగేళ్లు తిరిగేసరికి కట్టిన దాన్నే మళ్లీ మార్చారు.

2013లో తెరిచినప్పుడు పేరు గ్యాలరీ వన్. కళాఖండాల దగ్గర పెద్ద టచ్‌స్క్రీన్లు నిలబెట్టారు. శిల్పం భంగిమలో నిలబడితే ఎంతవరకు కుదిరిందో చెప్పేవి, ముఖం పెట్టిన తీరుకి సరిపోయే చిత్రాన్ని వెతికిచ్చేవి. సరదాగానే ఉంటుంది కానీ, టచ్‌స్క్రీన్‌తో చిక్కేమిటంటే వేలు తెర మీదుంటే చూపూ అక్కడే ఉండిపోతుంది. అసలు శిల్పం ఎదురుగా ఉన్నా దాని ఫొటోనే చూస్తుంటారు.

2017లో ఆటల దగ్గర తాకే తెరలు తీసేసి, ప్రొజెక్షన్లు, ఒంటి కదలికని పట్టే సెన్సర్లు పెట్టారు. ఇప్పుడు తల ఎత్తే ఆడాలి. నా లెక్కలో అన్నిటికన్నా మంచిది చూపుని పట్టే ఆట. చిత్రాన్ని కాసేపు చూడమంటుంది, ఆ తర్వాత మన కళ్లు ఎక్కడెక్కడ ఆగాయో ఆ చిత్రం మీదే చూపిస్తుంది. చూడకుండా వదిలేసిన మూల ఏదో తెలిశాక ఎవరైనా మళ్లీ చిత్రం వైపు తిరగాల్సిందే.

ఇలాంటి సెన్సర్లతో తిప్పలూ ఉన్నాయి. పక్కన ఇంకొకరు నిలబడితే ఎవరి చెయ్యి ఎవరిదో తెలియక తికమకపడతాయి. నేల మీద పాదాల గుర్తు వేసి, చుట్టూ నాలుగైదు అడుగులు ఖాళీ ఉంచాలి. నిలబడ్డ మనిషికి సరిచేసిన సెన్సర్ వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లని పట్టకపోవచ్చు, ఆ పరీక్ష విడిగా చెయ్యాలి. కళ్లద్దాల మీద లైటు మెరిస్తే చూపు లెక్క తప్పుతుంది.

ఇదే గ్యాలరీలోని 40 అడుగుల డిజిటల్ గోడ చూడటానికి ఘనంగా ఉంటుంది. ప్రదర్శనలో ఉన్న వేల వస్తువులు దాని మీద కదులుతుంటాయి, నచ్చినవాటిని ఫోన్‌లోని యాప్‌కి పంపుకుని వెతుక్కుంటూ వెళ్లొచ్చు. యాప్ వేసుకోనివాళ్లకి మాత్రం అది ఫొటో దిగే గోడే. న్యూయార్క్‌లోని కూపర్ హ్యూవిట్ మ్యూజియం 2015లో ఇదే పనికి సందర్శకుల చేతికి ఒక పెన్ను ఇచ్చింది. వస్తువు పక్కనున్న లేబుల్‌కి తాకిస్తే ఆ వస్తువు వివరాలు దాచుకునేది, టికెట్ మీదున్న వెబ్ చిరునామాతో ఇంటికెళ్లి చూసుకునేవాళ్లు. ఫోన్ తియ్యక్కర్లేకపోయేది. కాకపోతే పెన్నులు తిరిగి తీసుకోవాల్సి వచ్చేది, బ్యాటరీలు మార్చాల్సి వచ్చేది, అందుకు మనుషులు కావాల్సి వచ్చేది.

ఇది చూసి ముచ్చటపడి నేరుగా సెన్సర్లకి ఆర్డరు పెట్టొద్దు. ముందు లేబుళ్లు 50 నుంచి 75 పదాలకి కుదించి, మామూలు కాగితం మీద ప్రింట్ తీసి అంటించి, జనం ఎంతసేపు ఆగుతున్నారో గడియారం పెట్టి చూడండి. బెంచీలు వెయ్యండి. తర్వాత లైటు. కాగితం, బట్ట మీది పనికి 50 లక్స్ (వెలుగుని కొలిచే ప్రమాణం), తైలవర్ణ చిత్రానికి 200 లక్స్ దాటనివ్వరు. అంత మసక వెలుగులో పక్కన తెల్ల తెర వెలిగిందా, కళ్లు దానికి అలవాటుపడి చిత్రం నల్లగా కనిపిస్తుంది. తెర మీది నేపథ్యం రంగు ముదురుగా ఉండాలి.

అప్పటికీ సెన్సర్లు కావాలనుకుంటే అదనపు సెన్సర్లు, సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ (దాన్ని రాసిన అసలు ప్రోగ్రామ్) మ్యూజియానికే ఇచ్చేలా ఒప్పందంలో రాయించుకోండి. ఇలాంటి గదుల్లో తెగ వాడిన కినెక్ట్ అనే కదలిక సెన్సర్ తయారీని మైక్రోసాఫ్ట్ 2017లోనే ఆపేసింది.