సముద్రంలో గాయపడిన కళాసీల కేసులు చూసే న్యాయవాది కార్యాలయం: మా అనుభవం

2022లో విశాఖ తీరానికి దూరంగా మరబోటు మీద వల లాగుతుండగా వించి (వల తాడును చుట్టి లాగే యంత్రం) తాడులో చిక్కుకుని మా తమ్ముడి కుడిచేతి రెండు వేళ్లు పూర్తిగా పోయాయి. వాడికి అప్పుడు 35 ఏళ్లు. బోటు యజమాని ఆసుపత్రి ఖర్చులు కొంత ఇచ్చి, వాడు వాటా మీద పనిచేసేవాడే తప్ప ఉద్యోగి కాడని తేల్చేశాడు.

ఆ మాటకు జవాబు దొరికింది ఈ కార్యాలయంలోనే. ఆసుపత్రిలో చేర్చిన రాత్రి రాసిన కేస్‌షీటులో "బోటు వించి" అన్న ఒక్క మాటను న్యాయవాది వేలుపెట్టి చూపించి, దెబ్బ బోటు పనిలోనే తగిలిందనడానికి అదే ఆధారమని చెప్పి, ఆ కాగితం నకలు మర్నాడే తెప్పించమన్నారు. అప్పట్లో అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు ఆ చట్టం కింద కేసులు విచారించే కమిషనర్ ముందు క్లెయిమ్ వేయాలనీ, నెలజీతం గరిష్ఠంగా 15,000 రూపాయలుగా తీసుకుంటే అందులో 60 శాతాన్ని చట్టంలోని పట్టిక ప్రకారం ఆ వయసుకు వర్తించే 197.06 అనే గుణకంతో హెచ్చించి, రెండు వేళ్లకూ కలిపి సంపాదన శక్తి నష్టం 20 శాతంగా లెక్కగట్టి, అందులో ఆ 20 శాతం కింద 3,54,708 రూపాయలు వస్తుందనీ మా ఎదుటే కాగితం మీద లెక్క వేశారు. నెలలోగా చెల్లించకపోతే 12 శాతం వడ్డీ కూడా అడగవచ్చన్న సంగతి మాకు అంతకుముందు తెలియదు.

లోపం ఒక్కటే. వాయిదా మారినప్పుడు గుమాస్తా ఫోన్ చేయకపోవడంతో తమ్ముడు రెండుసార్లు వేట మానుకుని వచ్చి ఊరికే తిరిగి వెళ్లాడు. కూలి పోగొట్టుకున్న మనిషికి అది చిన్న విషయం కాదు. అయినా హార్బర్‌లో ఎవరికి దెబ్బ తగిలినా, ముందుగా కేస్‌షీటు దాచుకుని ఇక్కడికే వెళ్లమని చెబుతున్నాను.